చేపల ట్రేలు ఆపిన రోజు

మా కంపెనీ మొదట కంపెనీయే కాదు. చీపురుపల్లి దగ్గర ఒక రేకుల షెడ్డు, అందులో చేత్తో లివరు లాగే మెషీను ఒకటి, ప్లాస్టిక్ మగ్గుల అచ్చు ఒకటి. పెళ్లయి అత్తవారింటికి వచ్చిన ఏడాదే అక్కడ పనికి చేరాను. వేడివేడి మగ్గు అచ్చులోంచి ఊడిరాగానే అంచులు కత్తితో గీసి పక్కన పెట్టాలి. ఓనరు కూడా చొక్కా విప్పి మాతోపాటే లివరు లాగేవాడు. తర్వాత బకెట్లు, బిందెలు, కుర్చీలు. షెడ్డు పక్కన షెడ్డు లేచింది. రాష్ట్రం విడిపోయిన ఏడాదికి ఊరి బయట పెద్ద ప్లాంటే కట్టేశాడు.

అందులోకి మారిన దగ్గర్నుంచీ నాకు కుదురు పోయింది. మెషీన్లు తలుపులు మూసుకుని వాటి పని అవి చేసుకునేవి. పైనుంచి ఒక ఇనప చెయ్యి దిగి, సరుకు తీసి బెల్టు మీద పెట్టి పోయేది. నేను బెల్టు చివర నిలబడి చూడాలి, అంతే. చేతులకి పని లేక కొంగు ముడేసేదాన్ని, విప్పేదాన్ని. ఇంటికెళ్లినా అదే వరస.

"ఏటలాగ తిరుగుతన్నావు? ఒక్క కాడ కూకోవే," అని మా ఆయన విసుక్కునేవాడు.

అప్పుడే భోగాపురం వైపు తీరం నుంచి చేపల ట్రేలకి పెద్ద ఆర్డరు వచ్చింది. మా కన్నవారిది ఆ తీరమే. ఐసూ చేపలూ నింపిన ట్రేని నెత్తిన పెట్టుకుని, ఇసకలో నడిచి వ్యాను దాకా చేర్చడం మా అమ్మ రోజూ చేసే పని.

ఆ ట్రేలు పొయ్యడం మొదలెట్టిన మూడో రోజు ఒకదాన్ని చేత్తో తడితే చప్పుడు తేడాగా వినిపించింది. రంగు బాగుంది, అంచూ బాగుంది. మనసొప్పక, చల్లారనిచ్చి నడుమెత్తు నుంచి కింద పడేశాను. మూల చీలింది. ఇంకోటి పడేశాను. అదీ చీలింది. వెళ్లి ఎర్ర బొత్తం నొక్కేశాను. లైను మొత్తం ఆగిపోయింది.

ఓనరు పరుగున వచ్చాడు. "ఎవలాపినారు?"

"నేనే బాబూ. పాత తుక్కు ఎక్కువ కలిపేసినారు. ఇవి పగిలిపోతాయి."

"సాయంత్రం లారీ వస్తాది. నిన్ను సూడమన్నాను గానీ ఆపమన్నానా?"

"నెత్తి మీద పగిలితే ఏటి గతి బాబూ? మా యమ్మ మోస్తాది వీటిని."

అనేశాకే పిల్లలు గుర్తొచ్చారు. ఇద్దరు పిల్లల చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది. ఓనరు ఒక ట్రేని బోర్లించి గట్టిగా తొక్కాడు. అడుగు పగిలి కాలు లోపలికి దిగిపోయింది. చీలమండ గీరుకుని రక్తం వచ్చింది. కాలు బయటికి లాక్కుని, పగిలిన ముక్కని వేళ్లతో విరిచి చూశాడు.

"అన్నీ గ్రైండర్లో ఎయ్యండి," అన్నాడు చివరికి.

లారీ ఖాళీగా వెళ్లింది. వారం ఆలస్యమైనా ఆర్డరు నిలిచింది. కొత్త ప్లాస్టిక్ గింజల్లో తుక్కు కలిపే దగ్గర నన్ను పెట్టారు. చేతులకి పని దొరికింది గానీ కుదురు మాత్రం రాలేదు. ప్రతి బస్తా విప్పించి చూసేదాన్ని. సెలవు రోజున కూడా, ఈపాటికి ఏం కలుపుతున్నారో అని గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరిగేదాన్ని.

మరుసటి ఏడు ఓనరు నన్ను ఆఫీసులోకి పిలిచి కొత్త ప్లాను చూపించాడు. ఒక పక్క పైపులు చేసే షెడ్డు, ఇంకో పక్క నీళ్ల ట్యాంకులు చేసే షెడ్డు.

"ఎలగుంటాదంటావు?" అన్నాడు. అన్నేళ్లలో నన్ను అలా అడగడం అదే మొదలు.

"ఇన్నీ ఎవలు సూస్తారు బాబూ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నేనూ అదే ఆలోసిస్తన్నాను," అని కాగితం చుట్టి బీరువాలో పెట్టేశాడు.