ములుగు బస్సులో ఆమె ఏ భాషలో అడిగింది

దయ్యాలన్నా, మహిమలన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. పదో తరగతితో చదువు ఆగిపోతే లెక్కలు సొంతంగా నేర్చుకుని, హన్మకొండలో కొన్ని దుకాణాలకు పద్దులు చూస్తున్నాను. ఎక్కడ తేడా వచ్చినా దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్క సంగతికి మాత్రం నాకు దొరకలేదు.

సుబేదారిలో మా ఇంటి పైగదిలో నీమా అనే అమ్మాయి అద్దెకుండేది. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసింది. థీసిస్ ఇచ్చేసింది, జూన్‌లో వైవా ఒక్కటే మిగిలింది. ఎండాకాలం సెలవుల్లో విద్యార్థిగా పేరు నమోదు చేసుకోనక్కర్లేదని తోటి విదేశీ విద్యార్థులు చెప్పారట. కిందటేడు చేసుకోలేదు, ఏమీ కాలేదు. మరి ఈ ఏడు మాత్రం ఏమవుతుందని నేనూ అన్నాను.

మే నెలలో ఒక ఉదయం, ఆవకాయ పెట్టడం చూపిద్దామని ఆమెను ములుగులో ఉన్న మా అక్క ఇంటికి బయల్దేరదీశాను. బస్సులో కిటికీ పక్కన ఒక పెద్దావిడ, మధ్యలో నీమా, ఈ చివర నేను. ఆవిడ ఒళ్లో ఖాళీ గంప, దాని అడుగున నలిగిన తునికిపండ్లు రెండు ఉన్నాయి. అడవిలో ఏరిన ఆ పండ్లు అమ్ముకుని ఊరికి పోతున్నట్టుంది. మేం చదువు మాటే ఎత్తలేదు. ఆరెపల్లి దాటాక ఆవిడ నీమా వైపు తిరిగింది.

“ఈ ఎండకాలం నీ పేరు రాయించుకున్నవా బిడ్డా? సెలవులు మళ్ల వచ్చేటోళ్లకే గని, చదువు ఒడిసి పోయేటోళ్లకు గాదు.”

నీమా నా చెయ్యి పట్టుకుని, వెంటనే దిగుదామంది. తర్వాతి స్టాపులో దిగాం. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు వెళ్లిపోయింది.

రావడం లేదని ఫోన్ చేస్తే అక్క దులిపేసింది. “కాయలన్ని కొట్టిపెట్టిన. ఇప్పుడు వాటిల నీ లెక్కలు కలపాల్నా?”

ఇంకో బస్సులో వెనక్కొచ్చాక, యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా విషయం చెప్పాడు. మిగతావాళ్లకు అది సెలవే. ఆ ఎండాకాలంలోనే డిగ్రీ పూర్తయ్యేవాళ్లు మాత్రం వైవా ఒక్కటే ఉన్నా నమోదై ఉండాలి. లేకపోతే విద్యార్థి కింద లెక్క కాదు. వైవా జరగదు, వీసా పొడిగించరు. గడువు ఆ సాయంత్రమే. నీమా అక్కడే ఫారం నింపి నమోదు చేసుకుంది.

బయటికొచ్చాక నాకు ఇంకో అనుమానం వచ్చింది. నీమాకు తెలుగులో ‘ఎంత’, ‘చాలు’ తప్ప రావు. మేం ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటాం. ఆవిడ మాటలు నీకెలా అర్థమయ్యాయని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. “స్వాహిలీలో అడిగింది కదా అంకుల్, అచ్చం మా అమ్మమ్మ యాసలో. అసలు మీకెలా అర్థమైంది?”

ఆ తర్వాత ఆ బస్సుల్లో చాలాసార్లు తిరిగాను. తునికిపండ్లు అమ్మేవాళ్లను అడిగాను. అలాంటి మనిషిని ఎరగమన్నారు. నీమా డిగ్రీ తీసుకుని వెళ్లిపోయింది.

పైన ఆవిడ మాటలు తెలుగులో రాశాను. అలాగే విన్నాననుకునే రాశాను. కానీ ఈమధ్య ఆ గొంతును గుర్తు చేసుకుంటే అర్థం ఒక్కటే వస్తోంది, మాటలు రావడం లేదు. నేను విన్నది తెలుగేనని ఒట్టేసి చెప్పలేను.