మా బావ శుభ్రం చేసిన కాసెట్

మా అక్క మొగుడికి ఏదీ ఉన్నదున్నట్టు నచ్చదు. ఫొటో కనిపిస్తే రంగులు పెంచుతాడు, పాట వినిపిస్తే బేస్ పెంచుతాడు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరి ఆ మాటలూ దిద్దుతాడు. ఇలాంటి మనిషి, ఇళ్లలో తీసుకున్న పాత వీడియో కాసెట్లను డీవీడీల్లోకి ఎక్కించే కొట్టు పెట్టాడు. వీధిలోవాళ్లు ఆయనకి 'క్వాలిటీ' అని పేరు పెట్టారు. అది వెక్కిరింతని తెలియక, ఆ పేరే బోర్డు మీద రాయించుకున్నాడు.

ఆయన పనితనం చెప్పుకోవాల్సిందే. రెండు గంటల వీడియో పట్టే డిస్కులో ఆరు గంటలది కుక్కుతాడు. అలా కుక్కితే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఆ గళ్లు కనపడకుండా నునుపు చేస్తాడు. దాంతో మనుషులు మైనం ముద్దల్లా తయారవుతారు, అప్పుడు బొమ్మకి పదును పెడతాడు. ఈ వెధవ పనులన్నీ మానేసి ఇంకో రెండు డిస్కులు వాడొచ్చు కదా అంటే, టెక్నాలజీ సంగతి నీకేం తెలుసని నన్ను చూసి నవ్వుతాడు. అన్నిటికన్నా దరిద్రపు అలవాటు, డిస్కు తయారవగానే కాసెట్ చెరిపేయడం. కొత్తది చేతికొచ్చాక పాతది దేనికట. అక్క మాత్రం ఆ కొట్లోనే కూర్చుని వచ్చినవాళ్లందరి దగ్గరా ఆయన్ని పొగిడేది. పెళ్లైన నాటినుంచి ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు, ఎవర్నీ అననివ్వలేదు.

అమ్మ పోయాక ఆవిడ గొంతు మాకు ఒకే ఒక్క కాసెట్లో మిగిలింది. అమ్మ కుట్టుమిషన్ తొక్కుతూ, పనీపాటా లేకుండా కెమెరా పట్టుకు తిరుగుతున్నందుకు అక్కని తిడుతూ ఉంటుంది. మాకు ఆ తిట్లే కావాలి. కాసెట్ పాడైపోతోందని అక్క దాన్ని మొగుడి చేతికిచ్చింది. నేను వద్దన్నాను, వినలేదు.

డిస్కు పెట్టగానే టీవీలో అమ్మ నిగనిగలాడింది. మొహం మీద ఒక్క ముడత లేదు. మిషన్ కదులుతోంది, చప్పుడు లేదు. అమ్మ నోరు కదులుతోంది, మాట లేదు. మిషన్ రొద తీసేసే ఊపులో ఈ మహానుభావుడు అమ్మ గొంతు కూడా తీసేశాడు.

"ఎంత క్లీన్‌గా ఉందో చూశావా?" అన్నాడు, మేం మెచ్చుకుంటామన్నట్టు.

అక్క టీవీకి దగ్గరగా జరిగింది. పెదాల కదలికను బట్టయినా మాటలు పట్టుకుందామని చూసింది. పెదాలు కూడా అలుక్కుపోయి ఉన్నాయి. పాత కాసెట్ తెమ్మంది. చెరిపేశానన్నాడు. కంప్యూటర్‌లోకి ఎక్కించిన అసలు కాపీ కూడా చోటు చాలక తీసేశాడట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి మాత్రం ఇంకాస్త పదును పెడితే పెదాలు కనిపిస్తాయంటూ హుషారుగా లేచాడు. అక్క టీవీ కట్టేసి లోపలికెళ్లిపోయింది.

మర్నాడు ఒక పెద్దాయన కొట్టుకొచ్చాడు. పోయిన తన భార్య మాట్లాడుతున్న కాసెట్ అని చెప్పి బల్ల మీద పెట్టాడు. బావ చెయ్యి చాచాడు. అక్క ముందుగా దాన్ని అందుకుని, తిరిగి ఆ పెద్దాయన చేతిలోనే పెట్టి వేళ్లు మూసింది.

"ఇంటికి పట్టుకెళ్లిపోండి బాబాయ్‌గారూ. ఈయనకిస్తే ఆవిడ మీకు మిగలరు."