నేను పెట్టిన ఎర్రచుక్క

ఆ ఎన్నికలు అయిపోయి ఏళ్లు గడిచాయి. ఒక ఎర్రచుక్క మాత్రం ఇంకా నా గుండె మీదే కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని స్వామిని తలచుకోబోతే ఆయన నామం కన్నా ముందు అదే కనబడుతుంది. ఇంట్లో చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తిరుపతిలో మా వార్డులో ఒక భజన మందిరం ఉంది. అక్కడ ముందుపాట నాది. నేను ఒక చరణం అంటే వెనక కూర్చున్నవాళ్లందరూ అదే అంటారు. ఎందుకని ఎవరూ అడగరు. భజన అంటే అదే.

కార్పొరేషన్ ఎన్నికలప్పుడు ఒక వార్తల వెబ్‌సైటు ఓటర్ల కోసం ఒక పేజీ పెట్టింది. మ్యాపులో ఒక్కో పోలింగ్ బూత్‌కి ఒక్కో చుక్క. క్యూ చిన్నదైతే పచ్చ, పెద్దదైతే ఎరుపు. అది ఓటర్లే ఫోనులో నొక్కి చెప్పాలి. ఒకరు చెబితే చాలదు, పదిమందీ అవునంటేనే రంగు మారుతుంది. మంచి పని అనిపించి మందిరం పక్కనున్న కాలనీలో ఇంటింటికీ తిరిగి నేర్పించాను. అక్కడి ఆడవాళ్లు లాడ్జీల్లో గదులు శుభ్రం చేసే పనికి పోతారు. ఎరుపుంటే పోవద్దు, పచ్చ పడ్డాక పోండి అని చెప్పాను. నమ్మారు.

ఆ కాలనీ నుంచే రెడ్డెమ్మ పోటీకి నిలబడింది. మా భజనలో తాళాలు వేసే మనిషే. మందిరాన్ని వాననీటి కాలవ మీద కట్టారు, మందిరాన్ని పక్కకు జరిపితేనే కాలనీలోకి నీళ్లు రావు అని ప్రచారంలో చెప్పింది. నిజమే చెప్పింది. నాకు మాత్రం స్వామి ఇల్లు కూలుస్తానన్నట్టు వినబడింది.

పోలింగ్ రోజు పొద్దున కాలనీ బూత్ దగ్గర పట్టుమని నలుగురు లేరు. క్యూ పెద్దదని నొక్కాను. రెడ్డెమ్మ లేని మా భజన ఫోను గ్రూపులో "మీరూ నొక్కండి, స్వామి కార్యం" అని పెట్టాను. నొక్కారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. చుక్క ఎర్రబడింది. పచ్చ కాబోయినప్పుడల్లా మళ్లీ నొక్కించాను. ఎరుపు చూసి ఆడవాళ్లు పనికి వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి పోలింగ్ ముగిసింది. రెడ్డెమ్మ కొద్ది ఓట్లతో ఓడిపోయింది.

తర్వాత ఒక సాయంత్రం ఆమె మందిరానికి వచ్చింది.

"అన్నా, మా బూత్ కాడ జనం ఎక్కువుండారని పెట్టిందెవురు?"

"నాకేం తెలుసమ్మా. ఆడ నిలబడినోళ్లే పెట్టుంటారు."

"అంతమంది నిలబడుంటే నా ఓట్లు యాడికి పోయినాయన్నా?" అని నవ్వింది. "పోనీలే. మనోళ్లెవురన్నా నొక్కింటే వాళ్లని తిట్టబాక. వాళ్లకేం తెలుసు, పాపం."

ఆమెకు తెలుసా? తెలిసే, నాకొక దారి ఇచ్చిందా? హారతి పళ్లెం అందించాను. కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

ఆ ఏడే పెద్ద వాన పడింది. కాలవకు దారిలేక నీళ్లు కాలనీలోకి వచ్చాయి. రెడ్డెమ్మ ఇంటి గోడ కూలింది. జనం బిడ్డల్నెత్తుకుని ఎత్తు అరుగు మీద కట్టిన మా మందిరంలోకే వచ్చారు. నా చేత్తోనే పులిహోర పెట్టాను. ఒక అవ్వ నా తల నిమిరి, సల్లంగుండప్పా అని దీవించింది. ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉన్నట్టుంటుంది.

పారాయణంలో సత్యమే దేవుడని చదివి అర్థం చెప్పిన నోరు ఇది. స్వామి కోసమే చేశానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఆయనకు నా కాపలా కావాలా? నేను కాపాడుకున్నది ఆయన ఇంటినా, అందులో అందరికన్నా ముందు కూర్చునే నా చోటునా?

రెడ్డెమ్మ ఇప్పుడు పుట్టినూరు పూతలపట్టులో ఉంటోంది. చిత్తూరు పోయే బస్సు అక్కడ ఆగుతుంది. ఎన్నోసార్లు ఆగింది. నేను దిగలేదు. రేపు దిగుతానని కూడా మీకు మాటివ్వలేను.

క్యూ లేదు. ఉందని చెప్పింది నేను. చెప్పించింది నేను. ఇన్నేళ్లకు ఈ మూడు మాటలూ నా లోపలి నుంచి బయటికొచ్చాయి. ఊపిరి కొంచెం ఆడుతోంది.