కట్టయ్య తెచ్చిన బొడ్రాయి

ఇప్పలపల్లె ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే కట్టయ్యకు చెమటలు పట్టేవి. ములుగు అడవి అంచున పద్దెనిమిది ఇళ్ల పల్లె అది. మూడు దిక్కులా వాగు, గట్టి వాన పడితే ఎవరూ దాటలేరు. కరువులో పరకాల వైపు నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నారు. ఊరన్నాక నడుమ బొడ్రాయి ఉండాలి కదా. తన చేను దున్నుతుంటే నాగలికి అడ్డొచ్చిన చెక్కుడు రాయిని కట్టయ్యే పెకిలించి తెచ్చాడు. దాని మీద అక్షరాలున్నాయి. చదువు రాని ఊరు దేవుడి రాతే అనుకుని పసుపు కుంకుమలతో పాతుకుంది.

రెండేళ్లకు మేడారం జాతరకు బండిలో పోతుంటే అడవి అంచున అచ్చం అలాంటి రాళ్లే వరసగా కనిపించాయి. జంగ్లాతు వాళ్ల, అంటే అటవీ శాఖ వాళ్ల హద్దురాళ్లని పక్కవాళ్లు చెప్పారు. ఆనాటి నుంచి ఖాకీ బట్ట కనబడితే చాలు, కట్టయ్యకు పై ప్రాణాలు పైనే పోయేవి. తీసుకెళ్లి మళ్లీ అక్కడే పాతుదామా అంటే, బొడ్రాయి కదిలితే ఊరికే అరిష్టం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భార్య పూలమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో సర్వేయర్ పాండురంగం కొలత గొలుసుతో రానే వచ్చాడు. బొడ్రాయి మీది పసుపు గీకి, అంకె చదివి, నక్షా విప్పాడు.

"హద్దు ఇదే. తూర్పుదిక్కంతా అడవే. తొమ్మిది ఇండ్లు ఖాళీ చెయ్యాలె."

తూర్పు వరుసలో బాలింత చిలుకమ్మ బిడ్డనెత్తుకుని గడపలో కొయ్యబారిపోయింది. కట్టయ్య ఇల్లు పడమట ఉంది. నోరు మూసుకుంటే బతికిపోతాడు. అయినా ముందుకొచ్చాడు.

"రాయి ఈడిది గాదు సార్. నేనే తెచ్చిన. జేలుకు పంపినా సరే."

"ముందు యాడికెళ్లి తెచ్చినవో చూపియ్యి. తప్పు చూపితే గొలుసుకు దొరికిపోతవ్."

ఊరికి తూర్పున ఉన్న చేను దగ్గరకు వచ్చాక పూలమ్మ చెవిలో గొణిగింది. "జర చేనవతల చూపియ్యయ్యా."

కట్టయ్య చేనవతలికి ఒకసారి చూశాడు. అబద్ధం తేలితే ఇళ్లు పోతాయి. చేనుకు ఇవతల, ఊరివైపు గట్టు కింద, రాయి దొరికిన ఆ చోటే చూపించాడు. మిగతా హద్దురాళ్ల నుంచి గొలుసు లాగి చూస్తే లెక్క సరిపోయింది.

"ఇండ్లకు ఫికర్ లేదు. తెలవక చేసినవ్, జేలెందుకు. కని ఈ చేను అడవిల వడ్డది, పెద్దమనిషీ."

పాండురంగం వెళ్లిపోయాక పూలమ్మ గట్టు మీద కూలబడింది. "రేపటికెళ్లి ఏం తిందం?"

ఇన్నేళ్లూ జైలుకే భయపడ్డాడు. భయపడవలసింది ఈ మాటకని కట్టయ్యకు ఏనాడూ తోచలేదు.