గోడ మీది సంధి

మా ఇంటి వెనక సున్నపురాయి గుట్ట ఉంది. మలేసియాలోని మా ఇపోలో చాలా ఇళ్ళ వెనక ఏదో ఒక గుట్ట ఉంటుంది కాబట్టి ఇది గొప్పకు చెప్పడం లేదు. తెల్లారేసరికి దాని నడుముకి మంచు చుట్టుకుని ఉంటుంది. కాస్త ఎండ తగలగానే ఆ మంచు విడిపోయి, లోపలినుంచి కోతులు దిగుతాయి. రిటైరయ్యాక నా ఉదయాలన్నీ ఆ మంచుకీ ఆ కోతులకీ మధ్య, కుర్చీలో, సగం నిద్రలో గడుస్తున్నాయి.

ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పాను. రెండో ప్రపంచయుద్ధానికి ముందు పెద్దదేశాలు ఒక నియంతను బుజ్జగించిన పాఠం నాకు కంఠతా వచ్చు. పక్కదేశంలో ఒక ముక్క ఇస్తే ఊరుకుంటాడనుకున్నారు, ఇచ్చారు. ఒక పెద్దాయన విమానం దిగి సంతకాల కాగితం ఊపాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఏడాది తిరక్కుండానే యుద్ధం వచ్చింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్తానని నాకు పేరుండేది. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, ముక్క పోయిన ఆ దేశాన్ని మీటింగ్‌కి పిలవలేదా?" అనడిగింది. పిలవలేదన్నాను. "ఎందుకు?" అంది. అది పరీక్షలో రాదన్నాను.

ఈ ఏడాది నేను నిజంగానే అరటిపండ్లు పెట్టాను, కోతులకి. ఒలుచుకోవడం వాటికే వచ్చు.

కారణం మా మేనత్త. తొంభై నిండింది. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో పుట్టి, ఇప్పుడు మా ఇంట్లో కిటికీ పక్క మంచం మీద ఉంటుంది. రెండు నెలలుగా అన్నం సయించడం లేదు. రెండు ముద్దలు తిని కంచం తోసేస్తుంది. నోరు తెరిచి అడిగింది ఒక్కటే. "పెరట్లో చెంపెడాక్ పండితే నాలుగు తొనలెట్రా." చెంపెడాక్ పనసకి చెల్లెలు, ఒళ్ళు చిన్నది, వాసన పెద్దది. మా చెట్టుకి ఈసారి మూడే కాయలు. గోనెసంచులు కట్టాను.

కోతుల్ని తరమాలంటే చేతులు రాలేదు. మంగళవారం ఆంజనేయుడికి దండం పెట్టే చేత్తో బుధవారం రాయి ఎలా విసరను? కాబట్టి బేరానికి దిగాను. చెట్టుకి దూరంగా, గోడ చివర, అత్త కోసం ఒక అత్తం అరటిపళ్ళు పెట్టాను. వ్యాకరణంలో నాకు ఏ సంధీ సరిగ్గా కుదిరేది కాదు గానీ, ఇది కుదిరినట్టే ఉంది. వారం రోజులు అవి పళ్ళు తిని మర్యాదగా గుట్టెక్కాయి. నేను కాళ్ళు చాపుకుని, విమానం దిగిన పెద్దమనిషిలా కూర్చున్నాను.

ఒక సంగతి దాచాను. ఆ గోడ చివర మీదికి పక్కింటి చీనా ఆంటీ రంబుటాన్ పళ్ళచెట్టు కొమ్మలు వాలి ఉంటాయి. అరటిపళ్ళు అయిపోయాక కోతులు ఎటు చెయ్యి చాపుతాయో నాకు తెలుసు. తెలిసే అక్కడ పెట్టాను.

రెండో వారానికి ఆంటీ చెట్టు ఖాళీ అయింది. మూడో వారం కోతులు బంధువుల్ని తీసుకొచ్చాయి. ఒక అత్తం రెండయింది. ఒక పొద్దున మంచు ఇంకా విడకముందే, నేను కునుకులో ఉండగా, మొదటి కాయ పోయింది. మర్నాడు రెండోది. రెండు గోనెసంచులూ చెట్టు కింద, ఎవరో విప్పి పెట్టిన చొక్కాల్లా పడి ఉన్నాయి.

అత్తకి చెప్పాను, సంధి సంగతితో సహా. నవ్వుతుందనుకున్నాను.

"మాయమ్మా ఇలాగే సేసినాదిరా."

"ఏటి సేసినాది?" అన్నాను. అత్తతో మాట్లాడితే నా భాష కూడా తోటకెళ్ళిపోతుంది.

"జపానోళ్ళు ఒచ్చినప్పుడు సయాం రైలు పనికి మనుసుల్ని పట్టుకెళ్ళినారు గదా. ఆ పేర్లు మండోరు రాసీవోడు." మండోరంటే తోటలో మేస్త్రీ. "మాయయ్య పేరు రాయొద్దని మాయమ్మ ఆడికి కోడినిచ్చినాది. మల్లీ వారం ఇంకో కోడి. ఆడు మాయయ్య పేరు కొట్టేసి పక్కింటాయన పేరు రాసినాడు. ఆ ఇంటామె ఏడుస్తంటే మేం తలుపేసుకున్నాం."

"తర్వాత?"

"కోళ్ళయిపోనాయి. మాయయ్యనీ తీసుకెళ్ళిపోనారు. ఇద్దరూ తిరిగి రానేదు."

తాత సయాంలో, ఇప్పటి థాయ్‌లాండ్‌లో, పోయాడని చిన్నప్పటినుంచీ విన్నాను. ఆ పక్కిల్లు మాత్రం నేను విన్న కథలోనూ లేదు, చెప్పిన పాఠంలోనూ లేదు.

"అయితే కోడినివ్వడం తప్పంటావా, అత్తా?"

"కోడి మాటకేటిలే. ఆ ఇంటామెకి ముందే సెప్పుంటే, ఇద్దరాడోళ్ళం కలిసి ఆళ్ళిద్దర్నీ అడివిలో దాసీవోళ్ళం అనీది మాయమ్మ. పోయీదాకా అదే అనీది."

సాయంత్రం వాన వెలిశాక ఆంటీ గేటు దగ్గర నిలబడ్డాను. మేం మలయ్‌లో మాట్లాడుకుంటాం. తప్పు ఒప్పుకోవడానికి పరాయి భాష కొంచెం మెత్తగా ఉంటుంది.

"ఆంటీ, మీ రంబుటాన్ మీదికి కోతుల్ని పంపింది నేనే."

"తెలుసులే, చిక్‌గు," అంది. చిక్‌గు అంటే మాస్టారు. "మా వంటింట్లోంచి మీ అరటిపళ్ళు కనిపిస్తాయి. మంచి రకం. నాకొక్కటీ పెట్టలేదేమా అనుకున్నాను."

మిగిలిన ఒక్క కాయ గురించీ, అత్త గురించీ చెప్పాను. ఆమె లోపలికెళ్ళి ఖాళీ బిస్కెట్ల డబ్బా, రెండు చెక్కగరిటెలు తెచ్చి, ఒక గరిటె నా చేతిలో పెట్టింది.

మర్నాటినుంచి గోడకి అటు ఆమె, ఇటు నేను. మంచు మెల్లగా విడుతుంటే ఆమె డబ్బా, నా సత్తు బకెట్టు, గుట్టలోంచి వాటి ప్రతిధ్వని. ఒక్కోసారి మేం ముగ్గురం వాయిస్తున్నట్టుండేది. ప్రతి దెబ్బకీ నేను లోలోపల ఆంజనేయుడికి క్షమాపణ చెప్పుకున్నాను. కోతులు గుట్టమీద కూర్చుని, మాట తప్పినవాణ్ణి చూసినట్టు నన్ను చూశాయి. నా రెప్ప వాలితే గోడ అవతలినుంచి, "చిక్‌గు, ఇది మీ క్లాసు కాదు, నిద్రపోకండి," అని వినిపించేది.

పదోరోజు పెరడంతా వాసన. చేతికి నూనె రాసుకుని పండు కోశాను. నాలుగు తొనలు కంచంలో పెట్టి అత్తకిచ్చాను. ఒకటి తీసి వాసన చూసి, మళ్ళీ కంచంలో పెట్టేసింది.

"పక్కింటామెకి ఇచ్చినావా?"

"ఇస్తాను. ముందు నువ్వు తిను."

"ముందు ఆవిడకిచ్చి రా. నానుంటాన్లే."

సగం పండు పట్టుకుని గోడ దగ్గరికెళ్ళాను. ఆంటీ "తెరిమా కసి" అని మలయ్‌లో గట్టిగా థాంక్స్ చెప్పింది. ఆ మాట కిటికీ దాకా వెళ్ళే ఉంటుంది. ఎందుకంటే నేను తిరిగొచ్చేసరికి కంచంలో మూడు గింజలున్నాయి. నాలుగోది ఇంకా అత్త బుగ్గలోనే ఉంది.