సరోజన అడిగిన స్టీరింగ్

సరోజన మొగుడితో తీరిగ్గా మాట్లాడాలని ముప్పై ఏళ్ళుగా చూస్తోంది. కోదండరామ్ కెనడాలోని కాల్గరీలో టాక్సీ నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో ఉంటే నిద్ర, కార్లో ఉంటే "డ్రైవ్ చేసేటప్పుడు కదిలించకు!" ఇక ఆవిడ మాట్లాడేదెప్పుడు?

అందుకే, హైవే మీద తనంతట తాను పోయే కారు కొందామని ఆయన అనగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అలాంటి కారే ఉన్న స్నేహితురాలు చంద్రిక దగ్గర ఆరా తీసింది. వాళ్ళాయన దారంతా పాత పాటలు పాడతాడట, పక్కన చంద్రిక చిక్కుడుకాయలు ఒలుచుకుంటుందట. నడిపేవాళ్ళ చూపు రోడ్డు మీదే ఉండాలి గానీ నోటికేమీ అడ్డు లేదట. కూతురు రిషితను చూడ్డానికి ఎడ్మంటన్ వెళ్ళే మూడు గంటల్లో సంగతి చెప్పెయ్యాలని సరోజన నిశ్చయించుకుంది.

బయల్దేరే ముందు కొత్త కారుకి పూజ చేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. కెమెరాలే ఈ కారుకి కళ్ళని చంద్రిక చెప్పిందిగా, ఒక్కదాన్నీ వదలకుండా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. పాపం, భక్తే మరి!

హైవే ఎక్కగానే కారు మొరాయించింది. తనకేమీ కనబడటం లేదని తెర మీద రాసి చూపించింది. కోదండరామ్ పళ్ళు నూరుతూ తనే నడిపాడు. సగం దారిలో రెడ్ డీర్ అనే ఊళ్ళో ఆగారు. అక్కడ సరోజన తడిగుడ్డతో ఒక్కో బొట్టూ తుడిచింది.

మళ్ళీ హైవే ఎక్కాక స్టీరింగ్ దానంతటదే తిరిగింది. ఆయన చేతులు మాత్రం దానికి అంగుళం దూరంలో గాల్లోనే ఉన్నాయి.

"ఏవండీ, నేను లర్నర్స్ టెస్ట్ పాసయ్యాను. నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్స్ కూడా వచ్చింది."

"ఎప్పుడు?"

"మార్చిలో. నాకు డ్రైవింగ్ నేర్పండి."

ఆయన నవ్వాడు. "కారే డ్రైవ్ చేసుకుంటుంటే ఈ వయసులో నీకెందుకే?"

ఆ నవ్వు ఆవిడకి చురుక్కుమంది. "ముప్పై ఏళ్ళు మీ పక్కన కూర్చున్నా. ఒక్కసారి స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. మొన్నొచ్చిన కారు చేతిలో మాత్రం పెట్టేశారు. దాని మీదున్న నమ్మకం నా మీద లేదా?"

ఎడ్మంటన్ చేరాక కోదండరామ్ రిషిత ఇంటివైపు తిప్పకుండా, ఆదివారం గనక ఖాళీగా ఉన్న ఒక స్కూలు పార్కింగ్ లాట్‌లో కారాపాడు. దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఆవిడవైపు తలుపు తీశాడు.

"అటెళ్ళి కూర్చో."

సరోజన వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది. కారు నత్తలా కదిలింది. పక్క సీట్లో కోదండరామ్‌కి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి ఒళ్ళో పెట్టుకున్నాడు.