ట్రంకుపెట్టెకు అరవై అచ్చులు

కొత్త కలంకారీ దుప్పటి విప్పగానే కరక్కాయ వాసన నన్ను పెడన బడిలోకి లాక్కుపోయింది.

లెక్కల మాస్టారు తన ట్రంకుపెట్టె బల్లమీద పెట్టి, "దీనికి అన్నివైపులా గుడ్డ తొడగాలంటే ఎంత కావాలర్రా?" అన్నారు. మా నాన్న చెక్క అచ్చులతో కలంకారీ అద్దేవాడు. ఇంట్లో గుడ్డని అచ్చుల్లోనే లెక్కేసేవాళ్ళం.

"అరవై అచ్చులండీ!" అన్నాను.

తరగతంతా గొల్లుమంది. నాది అచ్చుతప్పైపోయింది. నాన్న పరువు తీశానని ఏడుపొచ్చింది.

"నవ్వకండర్రా, అచ్చూ కొలతే. ఎంతుంటుందిరా అది?"

"మా నాన్న అరచెయ్యంతండీ."

"అయితే ఆ చెయ్యి కొలుచుకురా. అంగుళాల్లోకి మార్చేద్దాం."

సాయంత్రం నాన్న రంగు కడుక్కుని, సిగ్గుపడుతూ చెయ్యి చాపాడు. స్కేలు పెట్టి, రాసుకుని, ఆటకి లేచాను. ఇంకేమైనా కొలుస్తానేమోనని ఆయన చెయ్యి అలాగే ఉంచాడు.

ఇప్పుడైతే అంత తొందరగా లేవను.